ఓబీ గుట్ట మీద వెంపలి చెట్టు

(గోదావరిఖనిలో డిగ్రీ విద్యార్థుల ముందు ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు ఈ మొక్కను చూడండి. వెనక కూర్చున్నవాళ్ళకు కనబడుతోందా? కొంచెం పైకెత్తుతాను. ఇది వెంపలి. పల్లెల నుంచి వచ్చినవాళ్ళు వెంటనే గుర్తుపట్టి ఉంటారు. చేను గట్ల మీద, బాట పక్కన, పశువులు తిరిగే బీళ్ళలో ఉంటుంది. చిన్న చిన్న ఊదారంగు పూలు, బల్లపరుపు కాయలు. ఆకు కొసను పట్టుకుని లాగితే బాణం మొనలా తెగుతుంది. చిన్నప్పుడు మేం అదో ఆటగా ఆడేవాళ్ళం.

దీన్ని నేను పీకలేదు. అనుమతి తీసుకుని నిన్న పొద్దున ఓబీ గుట్ట మీదికి వెళ్ళాను. మొన్నటి వానకు ఒకచోట మట్టి కోసుకుపోయి, ఈ మొక్క వేరంతా బయటపడి గాలిలో వేలాడుతోంది. అందుకే తెచ్చాను. పైన మొక్క ఎంత ఉంది? నా మోకాలి దాకా. ఇప్పుడు వేరు చూడండి. బాబూ, ఆ చివర పట్టుకో. ఇదిగో, నా భుజం దాకా వచ్చింది. అది కూడా మొత్తం కాదు, కొస తెగి గుట్టలోనే ఉండిపోయింది.

కలియుగం చివర మనుషులు ఎంత పొట్టివాళ్ళవుతారంటే, వెంపలి చెట్టుకు నిచ్చెన వేసుకుని ఎక్కుతారని మా నాయనమ్మ చెప్పేది. వెంపలి అంత చిన్నదని ఆ మాటకు అర్థం. పైనున్న సగాన్ని బట్టి పుట్టిన మాట అది. ఈ పూట నేను ఎక్కువగా చెప్పబోయేది కింద ఉన్న సగం గురించి.

ఓబీ అంటే ఏమిటో ఈ ఊళ్ళో ఎవరికీ చెప్పనక్కర్లేదు. బొగ్గు మీద ఉన్న మట్టి, రాయి అంతా ఓవర్ బర్డెన్. దాన్ని బ్లాస్టింగ్‌తో పేల్చి, షావెళ్ళతో ఎత్తి, డంపర్లలో తీసుకెళ్ళి పక్కన పోస్తే ఓబీ గుట్ట. మన దగ్గర చిన్నపిల్లలు కూడా అసలు గుట్టకూ ఓబీ గుట్టకూ తేడా చెప్పగలరు. ఓబీ గుట్ట తల చదునుగా, ఒళ్ళు మెట్లు మెట్లుగా ఉంటుంది.

మా నాయన భూగర్భ గనిలో పని చేశాడు. ఆయనకు బాయి అంటే దిగే చోటు. 1871లో ఇల్లందు ప్రాంతంలో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త బొగ్గును గుర్తించాడు. 1889లో తవ్వకం మొదలైంది. ఆ తర్వాత ఎన్నో దశాబ్దాల పాటు సింగరేణి బొగ్గు ప్రధానంగా అలా కిందికి దిగి తెచ్చిందే. పైన చేలు, అడవి చాలామటుకు అలాగే ఉండేవి. పైనుంచే నేలంతా తవ్వుకుంటూ పోయే ఓపెన్ కాస్టు పద్ధతితో అది మారింది. నేల పొరల వరసే తలకిందులైంది.

తలకిందులు అనేది మాటవరసకు అనడం లేదు. మామూలు నేలలో అన్నిటికన్నా పైన జానెడో మూరెడో పైమట్టి ఉంటుంది. విత్తనాలు, వానపాములు, కుళ్ళిన ఆకు, కంటికి కనపడని బూజు దారాలు, బ్యాక్టీరియా, మొక్కకు కావలసినవన్నీ అందులోనే. తవ్వేటప్పుడు అది విడిగా తీసి దాచకపోతే మొదట పోసిన చోట అడుగున పడిపోతుంది. దాని మీద ఇసుకరాయి, షేల్ అనే పొరలు పొరలుగా విడిపోయే రాయి, బంకమన్ను వచ్చి పడతాయి. పాతిక కోట్ల ఏళ్ళకు పైగా ఎండ ఎరగని రాళ్ళు అవి. ఆ షేల్ ముక్కను జాగ్రత్తగా విప్పితే ఒక్కోసారి నాలుక ఆకారంలో ఆకు ముద్ర కనబడుతుంది. గ్లాసోప్టెరిస్ అంటారు, గ్రీకులో గ్లాసా అంటే నాలుకే. మన గోదావరి లోయ బొగ్గులో ఆ చెట్ల వాటా చాలా పెద్దది. అవి చిత్తడి నేలల్లో, నీళ్ళ మధ్య పెరిగాయి. వాటి మీద ఇప్పుడు మొలవాల్సిన మొక్కకు మాత్రం చుక్క నీరు నిలవదు.

మొక్కకు అక్కడ వచ్చే మొదటి కష్టం వేడి. మే నెలలో రామగుండంలో నీడలోనే 45 డిగ్రీలు దాటే రోజులు మనకు తెలుసు. అది గాలి వేడి. నల్లటి షేల్, బొగ్గు పొడి కలిసిన నేల అంతకన్నా చాలా ఎక్కువ కాలుతుంది. పొద్దున పదకొండు దాటితే అక్కడ చెప్పులు విప్పి నిలబడలేం. పెద్ద మొక్కకైతే కాండానికి బెరడు ఉంటుంది, తట్టుకుంటుంది. పుట్టి పది రోజులైన మొలకకు ఏముంటుంది? నేలను తాకే చోటే దాని లేత కాండం ఉడికిపోతుంది. పైన రెండాకులు పచ్చగానే ఉంటాయి, మొలక మాత్రం మొదట్లో సన్నబడి పక్కకు వాలిపోతుంది. నీళ్ళు లేక చచ్చిపోయిందని మనం అనుకుంటాం. చాలాసార్లు కారణం అది కాదు.

అందుకే ఓబీ గుట్ట మీద మొలకలు ఎక్కడ పడితే అక్కడ కనపడవు. రాయి పక్కన వెతకాలి. ముఖ్యంగా రాయికి తూర్పు వైపు. పొద్దున ఎండ తగులుతుంది, మధ్యాహ్నం తర్వాత, వేడి బాగా పెరిగే వేళకు, రాయి నీడ పడుతుంది. రాయి కింద కాస్త తేమ మిగిలి ఉంటుంది. గాలికి కొట్టుకొచ్చిన విత్తనం, దుమ్ము, ఎండుటాకు కూడా రాయి మొదట్లోనే చేరతాయి. మీరు ఎప్పుడైనా గుట్ట మీద ఒక్క పచ్చటి మొక్కను చూస్తే, ఒక్క క్షణం ఆగి దాని పక్కనున్న రాయిని కూడా చూడండి.

నీటి సంగతి కొంచెం వింతగా ఉంటుంది. మన ప్రాంతంలో వాన తక్కువేమీ కాదు, ఏడాదికి సుమారు 1000 మిల్లీమీటర్లు పడుతుంది. కానీ నీళ్ళను పట్టి ఉంచేది మట్టిలోని కుళ్ళిన పదార్థం, మట్టి గడ్డల మధ్య సందులు. పేల్చిన రాతిలో ఆ రెండూ లేవు. కంకర ఉన్నచోట వాన నీళ్ళు జారిపోతాయి. మెత్తటి బంకమన్ను ఉన్నచోట పైన గట్టి పెచ్చు కట్టి, వాలు మీద దొర్లి, మట్టిని కోసుకుంటూ పోతాయి. వాన పడ్డ మూడో రోజుకే పైపొర ఎండిపోతుంది. ఇక నత్రజని అసలే ఉండదు. మన తల మీద గాలిలో 78 శాతం నత్రజనే ఉన్నా, రాయి పొడిలో మొక్కకు అందే నత్రజని దాదాపు సున్నా. భాస్వరం ఉన్నా రాతిలో బిగుసుకుని ఉంటుంది. వీటన్నిటి పైన, గుట్ట కదులుతూనే ఉంటుంది. వాలు మీది మట్టి ప్రతి వానకూ జారుతుంది. వేరూనిన మొక్క ఒకనాడు మెడ దాకా పూడిపోతుంది, ఇంకోనాడు ఇదిగో, ఈ వెంపలిలా వేళ్ళు తేలి వేలాడుతుంది.

మరి ఈ మొక్కలు ఇవన్నీ ఎలా నేర్చుకున్నాయి? విద్యార్థులను అడిగితే, గుట్ట మీద ఉండి ఉండి అలవాటు పడ్డాయి సార్ అంటారు. అందులో కొంత నిజం ఉంది. ఒకే విత్తనం నీళ్ళున్న చోట పడితే పెద్ద ఆకులు వేస్తుంది, ఎండిన చోట పడితే చిన్న మందపాటి ఆకులు వేసి, వేరు మీద ఎక్కువ ఖర్చు పెడుతుంది. ఒక్క జన్మలో జరిగే సర్దుబాటు అది. కానీ ఓబీ గుట్టలకు వయసెంత? కొన్ని దశాబ్దాలు. ఇంత వేరును, ఇంత మైనపు పూత ఉన్న ఆకును తయారు చేసుకోవడానికి ఆ కాలం చాలదు. నా ఉద్దేశంలో ఈ మొక్కల్లో ఎక్కువ శాతం ఇక్కడికొచ్చి నేర్చుకున్నవి కావు. వేరే చోట నేర్చుకుని వచ్చినవి. ఆ వేరే చోటు ఏదో కనుక్కుంటే, ఈ గుట్టలను ఎలా పచ్చబరచాలో కూడా సగం తెలిసిపోతుంది.

రెల్లునే తీసుకోండి. దసరా రోజుల్లో గోదావరి ఒడ్డున తెల్లటి కుచ్చులు ఊగుతుంటాయి కదా, అదే గడ్డి. ఓబీ గుట్టల మీద కూడా అదే రోజుల్లో అలాగే పూస్తుంది. ఇక్కడే కాదు, ఝరియా, రాణిగంజ్ బొగ్గు ప్రాంతాల గుట్టల మీద కూడా ముందు వచ్చే గడ్డుల్లో ఇదొకటి. నది ఒడ్డున పుట్టిన గడ్డి ఈ కాలే రాళ్ళ మీద ఎలా బతుకుతోందని ఆశ్చర్యపోతాం. కానీ ఇసుక మేట ఎలా ఉంటుందో ఒకసారి గుర్తు చేసుకోండి. సారం లేని వదులు ఇసుక. నాలుగు నెలలు వరద, మిగతా ఎనిమిది నెలలు మాడే ఎండ. ప్రతి వరదకూ ఒకచోట కొట్టుకుపోతుంది, ఒకచోట కొత్త మేట వచ్చి మీద పడుతుంది. రెల్లుకు ఓబీ గుట్ట కొత్త కాదు. వరద మేట వేసినట్టే డంపర్ మేట వేసింది, అంతే తేడా.

ఆ గడ్డికి నేలలో అడ్డంగా పాకే దుంప కాండం ఉంటుంది. దాని మీద కణుపు కణుపుకూ ఒక మొగ్గ. మట్టి జారి మీద పడితే, పూడిన కణుపుల నుంచి కొత్త పిలకలు పైకి లేస్తాయి. మిగతా మొక్కలను చంపే మట్టి జారుడు రెల్లును గుబురు కట్టిస్తుంది. పైగా ఇది సీ4 రకం గడ్డి. అంటే, ఆకు లోపల బొగ్గుపులుసు వాయువును ఒకచోట చేర్చి పెట్టుకునే ఏర్పాటు ఉంది. అందువల్ల ఆకు రంధ్రాలను ఎక్కువసేపు తెరిచి పెట్టనక్కర్లేదు, నీళ్ళు తక్కువ పోతాయి. వేడి పెరిగినా పని ఆగదు. గరికది కూడా ఇదే పద్ధతి.

ఈ గడ్డి గట్టితనం మనం రోజూ తినే చక్కెరలో ఉందంటే మీరు నమ్ముతారా? వందేళ్ళ కిందట కోయంబత్తూరులో బార్బర్, టి.ఎస్. వెంకట్రామన్ అనే శాస్త్రవేత్తలు చెరకును రెల్లుతో సంకరం చేశారు. అలా వచ్చిన కో 205 రకం 1918లో బయటికి వచ్చింది. తీపి చెరకుది, తట్టుకునే గుణం రెల్లుది. ఇవాళ ప్రపంచంలో పండే చెరకు రకాల్లో చాలామటుకు ఈ రెల్లు వారసత్వం ఉంది. గుట్ట మీద దాన్ని ఉత్త గడ్డి అని ఎవరైనా అంటే నాకు బాధ కలుగుతుంది.

ఇక వెంపలి. దీని వేరు మీద ఇక్కడ, నా వేలు పెట్టిన చోట, చిన్న బుడిపెలున్నాయి. ముందు వరసలో ఉన్నవాళ్ళు దగ్గరికొచ్చి చూడవచ్చు. కందికి, పెసరకు ఉన్నట్టే. వీటి లోపల రైజోబియం బ్యాక్టీరియా ఉంటుంది. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది, మొక్క దానికి చక్కెర ఇస్తుంది. ఒక బుడిపెను గోటితో నలిపితే లోపల లేత ఎరుపు కనపడుతుంది. అంటే అది పని చేస్తోందని గుర్తు. రాయి పొడిలో నత్రజని లేదన్నాను కదా, వెంపలి తన తిండి తానే తయారు చేసుకుని వచ్చింది. చచ్చిపోయాక ఆకు, వేరు అక్కడే కుళ్ళి, తర్వాత వచ్చేవాటికి అందులో కొంత మిగులుతుంది. మా ఊళ్ళో రైతులు వెంపలిని కోసి పొలంలో తొక్కించేవాళ్ళు, పచ్చిరొట్ట ఎరువుగా. వాళ్ళకు రైజోబియం పేరు తెలియదు, దాని ఫలితం తెలుసు. వెంపలి విత్తనం పెంకు కూడా గట్టిది. వాన పడగానే అన్నీ మొలవవు. కొన్ని ఈ ఏడు, కొన్ని వచ్చే ఏడు, కొన్ని ఆ తర్వాత. జూన్‌లో ఒక వాన పడి ఇరవై రోజులు ఎండ కాస్తే, ఆ ఏడు మొలిచినవన్నీ పోయినా నేలలో ఇంకా నిల్వ ఉంటుంది.

తంగేడు కూడా గుట్టల మీద బాగా వస్తుంది. చిక్కుడు కుటుంబానిదే కాబట్టి దానికీ బుడిపెలుంటాయని చాలామంది పరీక్షల్లో రాసేస్తారు. ఉండవు. తంగేడు వేళ్ళకు ఆ స్నేహం లేదు. మరి ఎలా బతుకుతోంది? లోతైన వేరు ఒక కారణం. రెండోది, వేళ్ళను చుట్టుకుని ఉండే శిలీంధ్రాలు. మైకోరైజా అంటారు. వేరు కన్నా ఎన్నో రెట్లు సన్నటి దారాలు, వేరు దూరలేని సందుల్లోకి దూరి భాస్వరాన్ని, తడిని లాక్కొస్తాయి. మొక్క జాతుల్లో ఎక్కువ భాగం ఏదో ఒక మైకోరైజాతో కలిసి బతికేవే. మామూలు పొలంలో ఈ సాయం లేకపోయినా ఎరువు వేసి నెట్టుకురావచ్చు. ఓబీ గుట్ట మీద మాత్రం బతకడానికీ చావడానికీ మధ్య ఉన్నది ఆ దారమే. ఇంకో సంగతి, ఈ దారాలు రాయి పొడి రేణువులను ఒకదానితో ఒకటి అల్లి ఉండలుగా కడతాయి. అలా అలా అది మట్టి అవుతుంది. ఒక మొక్క గుట్ట మీద పదేళ్ళు నిలబడితే దాని మొదట్లో పిడికెడు మట్టిని తీసి చూడండి. పక్కనున్న పొడిలా వేళ్ళ సందుల్లోంచి రాలిపోదు.

సర్కారు తుమ్మ గురించి చెప్పకుండా ఉండలేను. 1870ల్లో మన దేశానికి తెచ్చిన మొక్క ఇది, సొంత ఊరు అమెరికా ఖండాలు. దాని దగ్గరి బంధువు ఒకటి అరిజోనా ఎడారిలో పెరుగుతుంది. అక్కడ ట్యూసాన్ పట్టణం దగ్గర ఒక ఓపెన్ కాస్టు గని తవ్వుతుంటే, ఆ చెట్టు వేళ్ళు 53 మీటర్ల లోతున కనపడ్డాయి. పదిహేనంతస్తుల భవనం లోతు. ఆ సంగతి 1963లో శాస్త్ర పత్రికలో అచ్చయింది. గని తవ్వబట్టి మనకు ఆ వేరు తెలిసింది. ఇంత వేరు ఉన్న చెట్టు ఓబీ గుట్టను లెక్క చేయదు. కానీ నేను దాన్ని నాటమని ఎవరికీ చెప్పను. మేకలు కాయలు తిని విత్తనాలను ఊరంతా చల్లుతాయి, తన కింద ఇంకో మొక్కను సరిగ్గా ఎదగనివ్వదు, ఒకసారి వస్తే పోదు. తట్టుకునే గుణం ఉన్నంత మాత్రాన అది ఆ నేలకు మేలు చేస్తుందని కాదు. వయ్యారిభామ విషయంలోనూ నా మాట ఇదే.

దుమ్ము గురించి రెండు మాటలు. డంపర్లు తిరిగే బాటల పక్కన, సీహెచ్‌పీల పక్కన, అంటే బొగ్గును పిండి చేసి పంపే ప్లాంట్ల పక్కన, ఆకులన్నీ నల్లగా ఉంటాయి. దుమ్ము వెలుతురును ఆపుతుంది, ఆకు రంధ్రాలను మూస్తుంది, ఆకును వేడెక్కిస్తుంది. జిల్లేడు ఆకు మీద తెల్లటి మైనపు పొర ఉంటుంది, వేలితో రుద్దితే వచ్చేస్తుంది చూడండి. దాని మీద దుమ్ము గట్టిగా అంటుకోదు, ఒక్క వానకే కడుక్కుపోతుంది. పైగా దాని విత్తనానికి పట్టులాంటి దూది ఉంటుంది. గాలి ఎక్కడికి తీసుకెళితే అక్కడికి, ఎంత ఎత్తు గుట్టయినా సరే.

గుట్ట దిగి కిందికొస్తే కథ మారుతుంది. గుంటల్లో నీళ్ళు నిలిచిన చోట జమ్ము ఉంటుంది. నీళ్ళలో మునిగిన బురదలో గాలి ఉండదు, అక్కడ ఇనుము కరిగి వేళ్ళకు విషమవుతుంది. జమ్ము ఆకును అడ్డంగా కోసి చూస్తే లోపలంతా గదులు గదులుగా గాలి సందులు. పైనుంచి గాలి ఆ సందుల గుండా వేళ్ళ దాకా దిగి, వేళ్ళ చుట్టూ కాస్త బయటికి వస్తుంది. ఆ గాలి తగలగానే కరిగి ఉన్న ఇనుము తుప్పుగా మారి వేరు మీద పూతలా పట్టేస్తుంది. మీరు జమ్ము వేరు పీకినప్పుడు కనిపించే ఆ ఎర్రటి పూత అదే. కొన్ని లోహాలు ఆ పూతలోనే ఆగిపోతాయి.

మనకొక అదృష్టం ఉంది, అది కూడా చెప్పాలి. మన దగ్గరి పాత గోండ్వానా రాతి పొరల బొగ్గులో గంధకం తక్కువ, సాధారణంగా 1 శాతం లోపే. అదే మేఘాలయ, అస్సాం బొగ్గులో చాలాచోట్ల 2 శాతం నుంచి 7 శాతం దాకా ఉంటుంది. అక్కడ గుట్టల్లో పైరైట్ అనే ఇనుము గంధకం ఖనిజానికి గాలి, నీరు తగిలితే గంధకామ్లం పుడుతుంది. నేల నిమ్మరసమంత పుల్లగా మారిన చోట్లున్నాయి. అంత పులుపులో మట్టిలోని అల్యూమినియం కరుగుతుంది, అది వేరు కొసను మొద్దుబారుస్తుంది. కొన్ని మొక్కలు వేరు కొస నుంచి సిట్రేట్, మాలేట్ వంటి ఆమ్లాలను వదిలి ఆ అల్యూమినియాన్ని బయటే కట్టిపడేస్తాయి. ఇక్కడి వెంపలిని తీసుకెళ్ళి మేఘాలయలోని జైంతియా కొండల్లో ఆ గుట్టల మీద చల్లితే బతుకుతుందని నేను చెప్పలేను. బొగ్గు నేల అని ఒకే పేరు పెడతాం, కానీ ప్రతి గుట్టా ఒక వేరే నేల.

నేర్చుకుని వచ్చినవే అన్నాను కదా, ఇక్కడికొచ్చి మారినవి అసలే లేవా అని మీలో ఎవరికైనా సందేహం వచ్చి ఉంటుంది. రావాలి కూడా. బ్రిటన్‌లో ఆంథొనీ బ్రాడ్‌షా అనే శాస్త్రవేత్త, ఆయన విద్యార్థులు వేల్స్ దేశపు పాత గనుల మీద దశాబ్దాలు పని చేశారు. అవి బొగ్గు గనులు కావు, సీసం, జింకు, రాగి గనులు. పక్క పచ్చిక బయలులో మామూలుగా ఉండే గడ్డి గింజలను ఆ గని మట్టిలో చల్లితే దాదాపు అన్నీ చచ్చిపోయాయి. వేలల్లో ఏ కొన్నో బతికాయి. వాటికి పుట్టుకతోనే ఆ లోహాన్ని తట్టుకునే గుణం ఉంది. గని మీద తరతరాలుగా అవే మిగిలి, అవే పెరిగాయి. గని మట్టికీ పచ్చికకూ మధ్య హద్దు కొన్ని మీటర్లే, గాలికి పుప్పొడి అటూ ఇటూ వస్తూనే ఉంటుంది. అయినా రెండు వైపులా గడ్డి వేరుగా నిలిచింది. గని మీది గడ్డి కొన్ని రోజులు ముందుగా పూయడం మొదలుపెట్టిందని కూడా గమనించారు. ముందుగా పూస్తే పక్క గడ్డితో కలవడం తగ్గుతుంది. పరిణామం జరగడానికి లక్షల ఏళ్ళు పట్టాలని మనకున్న నమ్మకాన్ని ఆ గడ్డి మార్చింది. మన ఓబీ గుట్టల మీది వెంపలి, చేను గట్టు వెంపలి నుంచి ఈపాటికి ఏమైనా విడిపోయిందా? రెండు చోట్ల గింజలు తెచ్చి, రెండు రకాల మట్టిలో పక్కపక్కనే కుండీలు పెడితే తెలుస్తుంది. ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఏం చేయాలని ఎవరైనా అడిగితే, ఇదిగో, ఇది చేయండి.

ఇక నాకు గట్టిగా అనిపించే మాట. గుట్టల మీద మొక్కలు నాటే పని చాలా చోట్ల జరుగుతోంది, మంచిదే. నాటే కూలీల కష్టం నేను చూశాను. ఎండలో నీళ్ళ డబ్బాలు మోసుకుంటూ ఎక్కుతారు. కానీ చాలా చోట్ల ముందుగా జరిగే పని ఏమిటంటే, గుట్టను చదును చేసే పేరుతో తనంతట తాను మొలిచినదాన్ని దోకి పారేయడం. ఆ తర్వాత గుంటలు తీసి, వరసగా సుబాబులో నీలగిరో పెట్టి, ఎన్ని పెట్టామో లెక్క రాసుకోవడం. పీకేసిన ఆ పిచ్చి మొక్కలే ఆ గుట్ట మట్టి పరీక్ష రిపోర్టు. వెంపలి ఒక్కటే ఉందంటే నత్రజని లేదని అర్థం. రెల్లు గుబురుగా ఉందంటే అక్కడ మట్టి ఇంకా కదులుతోందని. గరిక, గునుగు, ఉత్తరేణి వచ్చాయంటే అక్కడ నేల కాస్త కుదురుకుంది, ఇక చెట్టును పెట్టొచ్చని. ఆ రిపోర్టు చదవకుండానే చింపేస్తున్నాం.

చెక్ దేశంలో బొగ్గు గుట్టల మీద కారెల్ ప్రాఖ్ అనే శాస్త్రవేత్త, ఆయన బృందం ఎన్నో ఏళ్ళు పరిశీలించారు. చదును చేసి నాటిన చోట్ల కన్నా, అలా వదిలేసిన చోట్ల రెండు మూడు దశాబ్దాల్లో ఎక్కువ రకాల మొక్కలు, పురుగులు చేరడం వాళ్ళు చూశారు. అక్కడి వాతావరణం చల్లన, పక్కనే విత్తనాలిచ్చే అడవి ఉంది. మన దగ్గర అన్నిటినీ వదిలేయమని నేను అనను. ఊళ్ళ పక్కన గుట్ట జారితే ప్రాణాలు పోతాయి, అక్కడ ఆగలేం. నేను అడిగేది చిన్నది. పైమట్టిని విడిగా తీయండి, తీసినదాన్ని ఏళ్ళ తరబడి కుప్ప పోసి ఉంచకండి, అందులోని విత్తనాలూ శిలీంధ్రాలూ చచ్చిపోతాయి. చెట్టు కన్నా ముందు గడ్డి, వెంపలి చల్లండి. రెండు మూడు వానకాలాల తర్వాత మోదుగ, సండ్ర, నల్ల తుమ్మ, వేప వంటి ఇక్కడి చెట్లకు చోటు చూపండి. తనంతట తాను వచ్చినదాన్ని పీకే ముందు అదేమిటో ఒక్కసారి పేరు తెలుసుకోండి.

నా మాటలు ఇంతవరకే. ప్రశ్నలుంటే అడగండి.

(ఒక విద్యార్థి: సార్, మా నాన్న మేకలను పాత గుట్ట మీదికి తోలుకెళతాడు. ఆ ఆకులు తింటే మేకలకు ఏమీ కాదా?)

మంచి ప్రశ్న అడిగావు నాన్నా. చాలా మొక్కలు లోహాలను వేళ్ళలోనే ఆపేస్తాయి, ఆకు దాకా రానివ్వవు. మన ఓబీలో ఎక్కువ భాగం ఇసుకరాయి, షేల్, కాబట్టి గంధకం ఎక్కువున్న గుట్టలంత భయం లేదు. కానీ పవర్ ప్లాంటు బూడిద పోసిన చోటు వేరే సంగతి. బొగ్గు కాలిపోయాక అందులోని ఆర్సెనిక్, బోరాన్ వంటివి బూడిదలో చిక్కబడి మిగులుతాయి. బూడిద చెరువు మీది పచ్చికకు మాత్రం మేకలను తోలవద్దని నాన్నతో చెప్పు. గుట్ట విషయంలో కూడా ఒకసారి ఆ మట్టినీ, ఆకునూ పరీక్ష చేయించడం మంచిది. మీ లెక్చరర్లతో మాట్లాడు, నమూనాలు ఎలా తీయాలో నేను వచ్చి చూపిస్తాను.

(ఒక విద్యార్థిని: సార్, బతుకమ్మకు తంగేడు, గునుగు కోసం ఇప్పుడు చాలా దూరం పోవాల్సి వస్తోంది. ఓబీ గుట్టల మీద బాగా కనిపిస్తాయి. కోసుకోవచ్చా?)

పూలు కోసుకోవచ్చమ్మా, బతుకమ్మకు ఏ ఇబ్బందీ లేదు. కానీ గునుగు లేతాకు కూర వండుకుంటారు కదా, ఆ కూరకు మాత్రం గుట్ట మీద కోయకండి. మట్టిలో మాంగనీసు, కాడ్మియం వంటివి ఉంటే వాటిని ఆకుల్లోకి పీల్చుకునే గుణం గునుగుకు ఉంది. ఇంకో మాట, గని నడుస్తున్న గుట్ట దగ్గరికి అసలు వెళ్ళకండి, పాతదైనా వాన పడ్డ తర్వాత అంచుల మీదికి ఎక్కకండి. కింద మొదట్లోనే బోలెడు ఉంటుంది. గునుగు కంకిలో కింది పూలు ముందు పండుతాయి. బతుకమ్మ నాటికి పైన ఇంకా పూస్తూనే ఉంటుంది, కింద గింజ సిద్ధమై ఉంటుంది. నల్లగా నిగనిగలాడుతూ, ఆవగింజ కన్నా చిన్నది. కోసిన కంకిని సంచిలో వేసుకునే ముందు అక్కడే, ఆ రాళ్ళ మీదే, ఒకసారి దులుపు.